పసుపు పూసిన సైకిళ్లు

గేటు దగ్గర ఉన్నవాళ్లు: మా ఆఫీసు ఇంజినీర్లు తొమ్మిది మంది, టూరు నడిపే గైడు, జీపు డ్రైవరు, నేను. ఉన్నవి: గేర్ల సైకిళ్లు పదకొండు, హెల్మెట్లు పదకొండు, అరటిపళ్ల పెట్టె ఒకటి, ఐసు డబ్బాలు రెండు, గాలి పంపులు రెండు, మందుల సంచి ఒకటి, వైర్‌లెస్ సెట్టు ఒకటి, రోడ్డుకు అడ్డంగా ఇనుప గొలుసు ఒకటి. గొలుసు పక్కన కొత్త బోర్డు. వాహనాలకు ప్రవేశం లేదని, సరస్సు చుట్టూ కొండల్లో నిశ్చింతగా సైకిలు తొక్కుకోవచ్చని దాని మీద అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంది. లేనిది కూడా చెప్పాలి. ఆ పదకొండు సైకిళ్లలో ఒక్కదానికీ వెనక క్యారియరు లేదు.

“అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉంది!” అన్నాడు సౌదీలోని మా ధహ్రాన్ ఆఫీసులో నా పక్క టేబుల్ దగ్గర కూర్చునే ఇంజినీరు, హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ. నిజమే. బండి మోత లేదు, హారన్ లేదు, తుమ్మకొమ్మల్లో గాలి తప్ప ఏమీ వినపడదు. గైడు గొలుసు తీశాడు. మేం దాటాక, మందుల సంచి వేసుకుని జీపు కూడా మా వెనకే దాటింది. వాహనాలకు ప్రవేశం లేదన్న బోర్డును రాసుకుంటూ వెళ్లింది. ఎవరికైనా ఏమైనా అయితే ఉండాలి కదా అన్నాడు గైడు. అందరూ తలూపారు. మంచి ఏర్పాటే, కాదనను. కానీ ఆ జీపు గొలుసు దాటుతుంటే నా ఒళ్లు మండిపోయింది. నేను అక్కడికి రావడం అదే మొదటిసారి అనుకున్నారు వాళ్లు. నేనూ చెప్పలేదు. చెబితే అయ్యో అంటారు, అని పెడల్ మీద కాలు వేస్తారు. ఆ అయ్యో నాకు అక్కర్లేదు.

గల్ఫ్ యుద్ధం ముగిసిన ఏడాది, ఇప్పుడు కార్లు నిలిపే చోట మా రేకుల గది ఉండేది. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి, కోరుట్ల దగ్గరి మా ఊరి నుంచి వచ్చి నేను దిగింది ఆ గదిలోనే. ఏజెంటు చెప్పింది పంపుహౌసు టెక్నీషియన్ ఉద్యోగం. ఇక్కడున్నది కంచె. తాయిఫ్ పట్నం దాటాక తూర్పున నల్లరాళ్ల మైదానం మొదలవుతుంది. ఎప్పటిదో అగ్నిపర్వతం కక్కిన రాయి అది. దాని మధ్యలో ఆ కొండ నోరు తెరుచుకుని ఉంటుంది. వానలు పడిన ఏడు ఆ నోట్లో నీళ్లు నిలుస్తాయి. చుట్టూ కొండల మీద తుమ్మచెట్లు. ఒకప్పుడు పికప్పులు ఎక్కడ పడితే అక్కడ తిరిగి మొలకల్ని తొక్కేస్తే అడవి బోసిపోయిందట. ప్రభుత్వం ఆ మేరకు కంచె వేసి, లోపలికి బండ్లు రాకుండా గొలుసు కట్టి, జింకల్ని తెచ్చి వదిలింది. కంచె మరమ్మతు, జింకల నీళ్లతొట్ల పని మా కంపెనీది. బండి పోకూడదు, పని మాత్రం జరగాలి. అందుకని కంపెనీ మాకు చైనా సైకిళ్లు కొనిచ్చింది. ఒక్కోటి మోయలేనంత బరువు. వెనక క్యారియరు మీద బియ్యం బస్తా కట్టినా వంగేది కాదు.

గదిలో మేం ముగ్గురం. గంగారాం మామ, లచ్చన్న, నేను. గంగారాం మామది మెట్‌పల్లి పక్క. ఇంటి దగ్గర బీడీ ఖార్ఖానాకు సైకిలు మీద బీడీ గంపలు చేరవేసేవాడు. క్యారియరు మీద తన ఎత్తు గంపలు కట్టుకుని చేతులు వదిలేసి తొక్కేవాణ్ణని ఆయనే చెప్పేవాడు, చూసినవాణ్ణని లచ్చన్న సాక్ష్యం చెప్పేవాడు. లచ్చన్న ఆయనకు వరసకు బావమరిది, మా వంటవాడు, నోరు ఊరుకోదు. పొద్దున్నే లచ్చన్న స్టవ్వు వెలిగిస్తే కిరోసిన్ వాసన, దాని వెనకే యాలకుల చాయ్ వాసన. గంగారాం మామ అప్పటికే బయట సైకిళ్లను తలకిందులుగా నిలబెట్టి చైన్లకు కొబ్బరినూనె పెడుతూ ఉండేవాడు. చేతికి మిగిలింది తలకు రాసుకునేవాడు. డబ్బా ఒకటే.

“బావా, నెత్తికి వెట్టినంక చైనుకు వెడ్తున్నవా, చైనుకు వెట్టినంక నెత్తికి వెడ్తున్నవా?” అనేవాడు లచ్చన్న.

“రెండు తుప్పు వట్టద్దనే గదరా. నీ నెత్తికి ఏం వెట్టినా ఫాయిదా లేదు, లోపలనే తుప్పు.”

నేను ఆ నూనె పనికిరాదని, ఇసుకను పట్టేస్తుందని, గ్రీజు వాడాలని డిప్లొమా చదువు చెప్పబోయాను. “సరే ఇంజినీరు సాబ్, మీ గ్రీజు తెండ్రి, వెడ్త” అన్నాడు మామ. గ్రీజు తాయిఫ్‌లో ఉంది. మా క్యాంపు పికప్పు యుద్ధం పనులకని తూర్పు వైపు పోయి తిరిగి రాలేదు. కొబ్బరినూనే వాడాం.

నెలకోసారి సరస్సు చుట్టూ, దాని వెనక కొండల చుట్టూ తిరిగి రావాలి. మూడు రోజుల తిరుగుడు. కంచె తీగ చుట్టలు, కటింగ్ ప్లయరు, గడ్డపార, నీళ్ల డబ్బాలు, బియ్యం, చింతపండు, దుప్పట్లు క్యారియర్ల మీద కట్టుకుని పోయేవాళ్లం. గేటు దాటాక మొదట బూడిద నేల, సైకిలు ముందుకు పోనివ్వదు. తర్వాత ఎక్కుడు. అక్కడ దిగి తోసుకుంటూ, ముగ్గురం ముగ్గుర్నీ తిట్టుకుంటూ నడిచేవాళ్లం. అంచు మీదికి చేరగానే కింద సరస్సు కనపడుతుంది. ఆకుపచ్చగా, చుట్టూ తెల్లటి ఉప్పు అంచుతో. గాలికి చాకలి సౌడు వాసన వచ్చేది. “గిది చెరువు గాదు, దేవుడు బట్టలు ఉడుకవెట్టిన బాన” అనేవాడు లచ్చన్న. అక్కడినుంచి అవతలి ఒడ్డు దాకా దారి అంచు వెంబడే దిగుతూ పోతుంది. పెడల్ తొక్కనక్కర్లేదు. ఎదురుగా ఎవరూ రారు, వెనకనుంచి ఎవరూ హారన్ కొట్టరు. గంగారాం మామ చేతులు వదిలేసేవాడు. గడ్డపార, తీగచుట్ట, బియ్యంతో సహా.

“పడితే నీకంటె ముందు నా బియ్యం వోతయి, వట్టుకో” అని అరిచేవాడు లచ్చన్న.

చెట్ల మధ్యనుంచి వెళ్లేటప్పుడు ఇదీ ఒక అడివేనా అని ఇద్దరూ పోట్లాడుకునేవాళ్లు. మన దిక్కు అడివి ముందు ఇది పెరడు కూడా కాదని లచ్చన్న. నీడ ఇచ్చింది కదా, నోరు మూసుకుని కూర్చో అని మామ. నాకు ఇరవై ఒకటో ఏడు. నెల మొత్తంలో, వీసా ఇచ్చిన యజమాని కఫీల్ నా పాస్‌పోర్టు పెట్టుకున్నాడని, చెప్పిన పని వేరు, చేసే పని వేరు అని అన్నీ మరిచిపోయేది ఆ దిగుడులోనే. మామకు ఖురూజ్, అంటే ఇంటికి పంపే వీసా, ఖాయమైంది. దీపావళి దాటాక ఇంటికి. వెళ్లి మెట్‌పల్లి బస్టాండు దగ్గర కిరాయి సైకిళ్ల దుకాణం పెడతానని, ఎవరికైనా ఇచ్చేముందు ప్రతి సైకిలూ తనే ఊరి చివర దాకా తొక్కి చూస్తానని అనేవాడు. “దుకాణం ఒక సాకు, సీనుగా. రోజు పది సైకిళ్లు తొక్కుడు, అది అసలు పని.”

దసరా వచ్చింది. మన పూజలకు ఆ దేశంలో అనుమతి లేదు, అయినా పనిముట్టుకు పూజ చేయకుండా ఉండటం మామకు చేతకాదు. సైకిళ్లు కడిగాడు. వంటింటి పసుపు తెచ్చాడు. కుంకుమ లేదు. అప్పుడు నేనే అన్నాను, సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుంది కదా, ఈ చెరువు నీళ్లలోనూ ఆ గుణం ఉంది, కలిపి చూద్దామని. డబ్బాలో నీళ్లు తెచ్చి కలిపాం. క్షణంలో ఎర్రగా మారింది, మన ఆడవాళ్లు కాళ్లకు పెట్టుకునే పారాణి రంగు. “డిప్లొమా ఇయ్యాల్ల పనికొచ్చిందిర” అని మామ నా వీపు చరిచాడు. ప్రతి హ్యాండిల్‌కూ పసుపు, మూడు వేళ్లతో ఎర్రబొట్లు, చక్రం కింద ఒక నిమ్మకాయ. జమ్మి కావాలి. ఇక్కడ జమ్మి ఎక్కడ? లచ్చన్న తుమ్మాకు దూసుకొచ్చాడు. “ముండ్లున్నయి, సన్న ఆకున్నది, జమ్మే అనుకోండ్రి.” బంగారం అని ఆ ఆకు నా చేతిలో పెట్టి మామ కావలించుకున్నాడు. నేను ఆయన కాళ్లకు దండం పెట్టాను. దారిన పోయేవాళ్లెవరికీ కనపడలేదు. ఎవరికీ నష్టం లేదు. గేటు కాపలా ఉండే అబూ సాలెహ్ అనే ఎడారి బదూ తెగ ముసలాయన దూరంనుంచి చూసి, చక్రం కింద చితికిన నిమ్మకాయను చూపించి, పంక్చరుకు మందా అని అడిగాడు. మామ అవునన్నాడు. ముసలాయన నవ్వి తన చాయ్ కెటిల్ తెచ్చాడు. అంతే జరిగింది.

మూడోరోజు ఫోర్‌మన్ వచ్చాడు. సుధాకర్ సార్. మా జిల్లావాడే. అది ముఖ్యం. పరాయివాడైతే ఆ రంగేమిటో తెలియక భయపడ్డాడనుకుని వదిలేసేవాణ్ణి. ఈయనకు తెలుసు. ఇంటి దగ్గర తన స్కూటరుకు ప్రతి దసరాకూ ఇదే పూజ చేయిస్తాడు, ఫోటో కూడా మాకు చూపించాడు.

“ఏందివి? మీ ఊరనుకున్నర? ఎవడన్న చూస్తె మిమ్మల్ని గాదు, నన్ను బొంద వెడ్తరు.”

“తుడిస్తె వోతది సార్, పసుపే గద” అన్నాడు మామ, భుజం మీది తువ్వాలు తీస్తూ.

“తుడుసుడు ఏం లేదు. సైకిళ్లన్ని స్టోర్ల వెట్టు, తాళం నాకియ్యి. శుక్రారం దాక ఒక్కటి బయటికి రావద్దు.”

శుక్రవారం దాకా ఎందుకంటే, గురువారం కన్సల్టెంటు కంపెనీ దొరలు సొంత సైకిళ్లు వేసుకుని సరస్సు చుట్టూ తిరగడానికి వస్తున్నారు. ఆ దారిలో మా మూడు డొక్కు సైకిళ్లు, వాటి మీద తీగచుట్టలు, మేము కనపడకూడదు. పసుపు ఒక సాకు. ఆ సాకు ఆయన చేతికి మా పండగే ఇచ్చింది. ఇంకో పని కూడా చెప్పాడు. దొరలకు జింకలు కనపడాలి, అవతలి ఒడ్డు తొట్టి వాల్వు పట్టేసింది, వాళ్లు వచ్చేలోగా నీళ్లు పారాలి. సైకిళ్లు లేకుండా ఎలా పోతామని నేను అడిగాను. అవతలి ఒడ్డున ఎవరికైనా దెబ్బ తగిలితే గేటుకు తెచ్చే దారి ఏదని కూడా అడిగాను. బండి రాదు, ఉన్నవి సైకిళ్లే అని విడమరిచి చెప్పాను.

“నడ్వుండ్రి. కాళ్లు లేవా?” అన్నాడు.

ఈ మాట నేను కల్పించింది కాదు. లచ్చన్నను అడగండి, ఈనాటికీ అదే గొంతుతో అని చూపిస్తాడు.

బుధవారం నడిచి పోయాం. అవతలి ఒడ్డున పడుకున్నాం. పొద్దున మామ తొట్టి వెనక రాయి జరిపి, వాల్వు అందుకోవడానికి కాలు ఆనించాడు. పాము రాయి రంగులోనే ఉంది. పొట్టిగా, లావుగా. ఎడమ మడమ పైన పట్టింది. ఆయన అరవలేదు. “సీనుగా, ఏందో కుట్టింది, చూడు” అన్నాడు. చూశాను. రెండు గాట్లు. లచ్చన్న తువ్వాలు చింపి గట్టిగా కట్టబోతే వద్దన్నాను, నెత్తురు ఆడకపోతే కాలు చచ్చిపోతుందని చదివాను. కాలు కదపకుండా మోసుకుపోవాలి. ఇక్కడే నేను లెక్క చెప్పాలి. మామను క్యారియరు మీద కూర్చోబెట్టి, లచ్చన్న ఒక పక్క పట్టుకుంటే, నేను ఎక్కుడులో తోసి మిగతా చోట తొక్కితే, పొద్దెక్కకముందే గేటు దగ్గర ఉండేవాళ్లం. ఆ దారి మాకు రాయిరాయీ తెలుసు. మా దగ్గర సైకిలు లేదు. కంచె గొట్టాలు రెండు, దుప్పటి ఒకటి ఉన్నాయి. దుప్పటి అంచులు ప్లయరుతో కోసి, గొట్టాలు దూర్చి, ఆయన్ని అందులో పడుకోబెట్టి ఎక్కుడు మొదలుపెట్టాం. ఇద్దరమే. దిగుతూ వచ్చిన దారి ఇప్పుడు మొత్తం ఎక్కుడు. ప్రతి మలుపు దగ్గరా దించి ఊపిరి పీల్చుకున్నాం. కాలు చూస్తుండగానే వాచింది, రంగు మారింది.

“నన్ను ఈన్నే వెట్టి ఒకడు ఉరుకుండ్రి” అన్నాడు మామ.

“నోర్మూస్కో బావా, నువ్వు బియ్యం కంటె అల్కగనె ఉన్నవ్” అన్నాడు లచ్చన్న. ఏడుస్తూ అన్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి దొరలు ఎదురొచ్చారు. వరసగా, రంగురంగుల చొక్కాలతో. మమ్మల్ని చూసి దిగిపోయారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. నీళ్లిచ్చారు, ఒకాయన తన టోపీ మామ ముఖం మీద పెట్టాడు. ఒక సైకిలు మీద కూర్చోబెడదామని చూశారు. సన్న టైర్లు, తేలిక రాడ్లు, వెనక కూర్చోడానికి ఏమీ లేదు. అంత ఖరీదైన సైకిళ్లు ఒక మనిషిని మోయడానికి పనికిరాలేదు. మా సైకిళ్లు పనికొచ్చేవి, అవి తాళంలో ఉన్నాయి. వాళ్లలో ఒకడు వెనక్కు తిరిగి గేటుకు దూసుకుపోయాడు. మిగిలినవాళ్లు మాతోపాటు గొట్టాలు పట్టారు.

గేటు దగ్గర ఏం జరిగిందో అబూ సాలెహ్ తర్వాత చెప్పాడు. దొర వచ్చి చెప్పగానే ఆయన తన పికప్పు తాళం తీసుకున్నాడు. సుధాకర్ సార్ గొలుసు ముందు నిలబడి మమ్‌నూ, మమ్‌నూ అన్నాడట. నిషేధం, ముందు ఆఫీసుకు ఫోన్ చేసి అనుమతి అడగాలని. అబూ సాలెహ్ ఆయన్ని పక్కకు నెట్టి గొలుసు తీసి పడేశాడు. ఆ అడవిలో ఒక చెట్టుకొమ్మ విరిస్తే కొట్టేంత పని చేసే మనిషి, ఆ రోజు మొలకల మీదనుంచే బండి అడ్డంగా తోలుకొచ్చాడు. మామను చూసి, యా అఖీ, యా అఖీ, తమ్ముడా అని తల నిమిరాడు. తాయిఫ్ ఆస్పత్రిలో డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. మందు పనిచేసింది, ప్రాణం నిలిచింది. కాలు నిలవలేదు. మోకాలి కింద తీసేశారు. ఆలస్యమైంది అన్నాడు డాక్టరు. ఎందుకు ఆలస్యమైందని ఆయన అడగలేదు. నేను చెప్పబోతే లచ్చన్న నా చేయి నొక్కాడు, పక్కనే సుధాకర్ సార్ ఉన్నాడు, అందరి పాస్‌పోర్టులూ ఆయన మాట మీద ఉన్నాయి.

దీపావళి దాటాక మామ ఇంటికి వెళ్లాడు, చెప్పినట్టే. చంకకర్రలతో. బండి లోపలికి తోలినందుకు అబూ సాలెహ్‌ను గేటు నుంచి తీసేశారు. నేను ఆ కఫీల్ దగ్గర కాలం ముగించుకుని, మళ్లీ వేరే వీసా మీద వచ్చి, ధహ్రాన్‌లో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం సంపాదించుకున్నాను. ఇప్పుడు అదే దారి మీద నేను హెల్మెట్ పెట్టుకుని, గేరు మార్చుకుంటూ ఎక్కాను. బూడిద నేల మీద గులకరాయి పరిచారు. తొట్టి దగ్గర నీడకు పందిరి వేశారు, పాములున్నాయి జాగ్రత్త అని బొమ్మ పెట్టారు. మా ఇంజినీర్లు అక్కడ అరటిపళ్లు తిన్నారు. ఇంత మంచి చోటు ఇన్నాళ్లూ ఎవరికీ తెలియకుండా పోయిందే అన్నారు. అప్పుడు తొట్టి వాల్వు తిప్పి చూశాను. సులువుగా తిరిగింది. దిగుడులో నేను చేతులు వదల్లేదు, రెండు బ్రేకులూ పట్టుకునే దిగాను.

ధహ్రాన్ చేరాక, మామ ఇంటి పక్క ఎస్టీడీ బూతుకు ఫోన్ చేశాను. పిలుచుకు రావడానికి చాలాసేపు పట్టింది, కర్రల చప్పుడు ముందు వినపడింది. ఇప్పుడాయన ఇంటి దగ్గర అత్తతో పాటు బీడీలు చుడతాడు. దుకాణం పెట్టలేదు.

“చెరువుల నీళ్లున్నయా, సీనుగా?”

“నిండుగున్నయి మామా.”

“జింకలు అవుపడ్డయా?”

“లేదు. మా ఎనక జీపు వచ్చింది.”

“జీపా?” అన్నాడు. “లోపటికా?”

“లోపటికే. ఎవలికన్న ఏమన్న అయితె అని.”

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. “మంచిదే తియ్యి” అన్నాడు. బూతులో వెనక ఎవరో తొందరపెడుతున్నారు, పెట్టేశాడు.

ఆయన తిట్టకపోతే నేను ఊరుకుంటానని కాదు. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన రోజు సుధాకర్ సార్ ఇంగ్లీషులో ప్రమాదం రిపోర్టు రాసి, చదువుకున్నవాడివి, సాక్షిగా సంతకం పెట్టు అని నా ముందు పెట్టాడు. పెట్టలేదు. చదివాను. ఉద్యోగి అజాగ్రత్త వల్ల అని ఉంది. సైకిళ్ల మాట ఎక్కడా లేదు. తాళం మాట లేదు. కాలు మాట, చికిత్స జరిగింది అన్న రెండు ముక్కల్లో ఉంది. చివర కంపెనీకి జరిగిన నష్టం రాయాల్సిన గడి. దాన్ని ఆయన చక్కటి చేతిరాతతో నింపాడు: దుప్పటి, ఒకటి.